గోదావరి డెల్టా నుంచి సముద్రపు గుర్రం దాకా: డైవింగ్, నీటి అడుగున ఫోటోగ్రఫీపై తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం వైపు నుంచి నన్ను అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒక చోట చేర్చాను. అడిగేవాళ్ళలో కళాశాల విద్యార్థులు ఉన్నారు, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళు ఉన్నారు, కొత్తగా కెమెరా కొన్నవాళ్ళు ఉన్నారు. అందరిదీ దాదాపు ఒకే కోరిక: సముద్రపు గుర్రాన్ని బతికి ఉండగా, దాని ఇంట్లో, ఒక్కసారి చూడాలి. నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను.

గోదావరి డెల్టాలో స్కూబా డైవింగ్ చేయవచ్చా?

చేయకండి. మన నీటి మీద చిన్నచూపుతో ఈ మాట అనడం లేదు. ఆ నీరు చేసే పని వేరు. జూలైలో ఎర్రనీరు దిగిందంటే గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు మోసుకొచ్చే ఒండ్రు సముద్రంలో చాలా దూరం వరకు కనిపిస్తుంది. మంచినీటిలో తేలుతూ వచ్చిన సన్నని బంకమట్టి రేణువులు ఉప్పునీరు తగలగానే ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, అడుగుకు దిగుతాయి. నదీముఖాల దగ్గర అడుగంతా మెత్తని బురద కావడానికి ఇదే కారణం. అందులో కాలి రెక్క ఒక్కసారి ఆడిస్తే చాలు, చేతిలోని గడియారం కూడా కనబడదు.

వేసవిలో నీరు కొంత తేరుకున్నా ఇబ్బంది తీరదు. కాకినాడ అఖాతం లోతు తక్కువ, కోరంగి వైపు మరీ తక్కువ. నది సముద్రంలో కలిసే మొగల దగ్గర ఆటు మొదలైనప్పుడు ప్రవాహం మనిషిని సముద్రంలోకి లాగేస్తుంది. వలలు, వాటి తాళ్ళు, మరబోట్ల రాకపోకలు ఉండనే ఉన్నాయి. తీరానికి దూరంగా ఉన్న చమురు, సహజవాయు వేదికల చుట్టూ 500 మీటర్ల భద్రతా వలయంలోకి ఎవరికీ ప్రవేశం లేదు. ఎవరైనా సిలిండరు అద్దెకిచ్చి అంతర్వేది దగ్గరో, భైరవపాలెం దగ్గరో దింపుతామంటే ఒప్పుకోకండి.

అంటే మన దగ్గర సముద్రపు గుర్రాలు లేవా?

నీరు మురికిగా ఉన్నంత మాత్రాన గుర్రం ఉండదని కాదు, మనకు కనబడదని మాత్రమే. భారత తీరాల్లో ఉండే జాతుల్లో ఒకటైన "హిప్పోకాంపస్ కుడా" (ఇది దాని శాస్త్రీయనామం) నదీముఖాల్లోనూ, మడ వేళ్ళ మధ్యలోనూ, సముద్రపు గడ్డిలోనూ బతకగలదు. ఉప్పదనం కొంత తగ్గినా తట్టుకుంటుంది. మంచినీరు తేలిక కనుక పైన పారుతుంది, ఉప్పునీరు బరువు కనుక అడుగున ఉంటుంది. కాబట్టి మొగల దగ్గర పైన నది, కింద సముద్రం ఉండే రోజులు చాలా ఉంటాయి.

నేను మొట్టమొదట చూసిన సముద్రపు గుర్రం కాకినాడ ఏటిమొగలో, ఒక వల మడతల్లో ఎండిపోయి ఉంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. వల బాగుచేసుకుంటున్న తాతగారు దాన్ని నా అరచేతిలో పెట్టి, "గడ్డి ఉన్న చోటే గుర్రం ఉంటుంది బాబూ, గడ్డి పీకేస్తే గుర్రం ఎక్కడికి పోతుంది?" అన్నారు. తరువాత నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు. ఈ పేజీలో వెతకడం గురించీ, ఫోటో తీయడం గురించీ నేను చెప్పేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

అది నిజంగా చేపేనా? నీటి గుర్రం అంటే ఇదేనా?

చేపే. మొప్పలతో ఊపిరి తీస్తుంది, రెక్కలతో ఈదుతుంది. తెలుగులో నీటి గుర్రం అంటే ఆఫ్రికా నదుల్లో ఉండే హిప్పోపొటమస్. ఇది సముద్రపు గుర్రం. శాస్త్రీయనామం హిప్పోకాంపస్. మన మెదడులో జ్ఞాపకాలకు ఆధారమైన ఒక భాగం ఆకారంలో దీన్ని పోలి ఉండడంతో దానికీ అదే పేరు పెట్టారు.

దీనికి పళ్ళు లేవు, కడుపు లేదు. గొట్టం లాంటి మూతితో సన్నని రొయ్యపిల్లల వంటి జీవులను పీల్చుకుంటుంది. తిన్నది పేగులోంచి త్వరగా వెళ్ళిపోతుంది కనుక రోజంతా తింటూనే ఉండాలి. వీపు మీది చిన్న రెక్కను సెకనుకు సుమారు 35 సార్లు ఆడించినా వేగంగా పోలేదు. రెండు కళ్ళనూ వేరువేరుగా తిప్పగలదు. ఒంటి మీద పొలుసులకు బదులు ఎముక ఉంగరాలు ఉంటాయి. తోక అడ్డుకోత గుండ్రంగా కాక చతురస్రంగా ఉంటుంది, కాడను గట్టిగా పట్టుకోవడానికి అది పనికొస్తుంది. ఫోటో తీయాలనుకునేవారికి ఇదంతా అవసరమే. ఇది పారిపోలేని జీవి, తిండి మానలేని జీవి. మనం దాన్ని బెదరగొట్టిన ప్రతి నిమిషమూ అది తినని నిమిషం.

మగది గర్భం మోస్తుందంటారు, నిజమా?

నిజం. ఆడది గుడ్లను మగదాని పొట్ట మీది సంచిలోకి వదులుతుంది. మగది వాటిని అక్కడే ఫలదీకరించి, సంచి గోడలోని రక్తనాళాల ద్వారా ప్రాణవాయువు అందిస్తూ, లోపలి ఉప్పదనాన్ని మెల్లగా సముద్రపు నీటికి దగ్గర చేస్తూ మోస్తుంది. నీటి వెచ్చదనాన్ని బట్టి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాన్పులో వంగుతూ లేస్తూ పిల్లలను బయటికి నెడుతుంది. ఒక్కో కాన్పులో వందల పిల్లలు పుట్టవచ్చు. పుట్టిన క్షణం నుంచి వాటి బతుకు వాటిదే. చాలా జాతుల్లో జంట ఒకే చోట ఉంటూ, రోజూ తెల్లవారుజామున ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి పలకరించుకుంటుంది. పొట్ట ఉబ్బిన మగది కనిపిస్తే దూరం నుంచి ఒకటి రెండు ఫోటోలు తీసుకుని వెనక్కి రండి. ఆ సమయంలో దానికి మన వల్ల కలిగే అలసట ఒక్క ప్రాణంతో పోయేది కాదు.

మరి డైవింగ్ ఎక్కడ నేర్చుకోవాలి?

మనకు దగ్గరలో ఉన్నది విశాఖపట్నం. సామర్లకోటలో రైలెక్కితే సుమారు మూడు గంటలు. అక్కడ రుషికొండ వైపు శిక్షణ ఇచ్చేవారున్నారు. అడుగు రాతినేల కనుక మన దగ్గరి బురద బాధ ఉండదు. అయినా బంగాళాఖాతపు ఆ నీటిలో గాజులాంటి స్వచ్ఛత ఆశించకండి. నేను వెళ్ళిన రోజుల్లో ఎక్కువగా నాలుగైదు మీటర్ల దూరం వరకే కనిపించింది. లయన్‌ఫిష్, రాతి సందుల్లోంచి నోరు తెరిచి చూసే మోరే ఈల్, ఆక్టోపస్, రంగురంగుల సముద్రపు నత్తలు చూశాను. తక్కువ వెలుతురులో నేర్చుకున్నవారికి మంచి నీటిలో ఏ ఇబ్బందీ ఉండదు.

చెల్లుబాటయ్యే శిక్షణ ధ్రువపత్రం వచ్చాక, గుర్రాన్ని చూసే అవకాశం ఎక్కువున్న చోటుకు వెళ్ళాలంటే అండమాన్ దీవులు. హావ్‌లాక్‌గా మనకు తెలిసిన స్వరాజ్ ద్వీప్, నీల్ అని పిలిచే షహీద్ ద్వీప్ చుట్టూ గడ్డి మైదానాలు, పగడపు దిబ్బలు ఉన్నాయి. సముద్రపు గుర్రాలకు దేశంలో బాగా పేరున్న చోటు తమిళనాడులోని పాక్ అఖాతం, మన్నార్ సింధుశాఖ. కానీ మన్నార్‌లోని 21 దీవులు జాతీయ సముద్ర పార్కు పరిధిలో ఉన్నాయి, అనుమతి లేకుండా నీటిలో దిగకూడదు.

కోనసీమ కాలువల్లో ఈత నేర్చుకున్నాను, సరిపోతుందా?

ధైర్యానికి సరిపోతుంది. ప్రాథమిక శిక్షణలో సాధారణంగా 200 మీటర్లు ఆగకుండా ఈదమంటారు, పది నిమిషాలు తేలుతూ ఉండమంటారు. కాలువలో పెరిగినవాళ్ళకు అది పెద్ద పని కాదు. చిక్కు వేరే ఉంది. కాలువలో మనం ప్రవాహానికి ఎదురు, చేతులు కాళ్ళు ఆడించి గెలుస్తాం. డైవింగ్‌లో చేతులు కదపకూడదు, కాళ్ళు మెల్లగా ఆడాలి. ఈత బాగా వచ్చినవాళ్ళే మొదట్లో గాలి త్వరగా అవగొట్టుకుంటారు. నాకు సిలిండరు ముప్పావు గంట నిలవడానికి పదిహేను డైవులు పట్టింది.

కెమెరా సంగతి దాని తరువాతే. నీటిలో పైకి తేలకుండా, కిందికి కుంగకుండా ఊపిరితోనే ఒక చోట నిలబడడం వచ్చేవరకు కెమెరా ముట్టుకోకండి. కనీసం 25 డైవులు అయ్యాక అని నేను నా మిత్రులకు చెబుతాను. నిలకడ లేనివారి చేతిలో కెమెరా ఉంటే మోకాళ్ళు గడ్డి మీద పడతాయి. గడ్డి పీకేస్తే గుర్రం ఎక్కడికి పోతుంది?

ప్రాణభయం ఉంటుందా?

నియమాలు పాటిస్తే భయపడనక్కరలేదు. నీటిలో ఎప్పుడూ ఊపిరి బిగపట్టకూడదు. పది మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు అవుతుంది, బిగపడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. నిమిషానికి 9 మీటర్ల కంటే వేగంగా పైకి రాకూడదు. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. మొదటి స్థాయి శిక్షణతో 18 మీటర్లు దాటకూడదు, గుర్రాలకు అంత లోతూ అవసరం లేదు. జలుబుతో దిగకూడదు, చెవులు సర్దుకోవు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవారు వైద్యుడి అనుమతి తీసుకోవాలి. గర్భిణులు దిగకూడదు. వరుస డైవుల తరువాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. అండమాన్ నుంచి తిరుగు టికెట్టు తీసుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోండి. డైవింగ్ వల్ల ఒంట్లో గాలి బుడగలు ఏర్పడితే వైద్యం చేసే పీడన చికిత్స గది దగ్గరలో ఎక్కడుందో మీ శిక్షకుణ్ణి మొదటి రోజే అడగండి.

ఏ నెలలు మంచివి?

విశాఖలో జనవరి నుంచి ఏప్రిల్, అండమాన్‌లో నవంబరు నుంచి ఏప్రిల్. మన తీరంలో అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరులో కోనసీమ మీద పడిన తుపానును చూసినవాళ్ళకు ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు.

నీటి అడుగున గుర్రాన్ని ఎలా వెతకాలి?

గుర్రాన్ని వెతికితే దొరకదు. అది పట్టుకునేదాన్ని వెతకండి. గడ్డి పరక, నాచు కాడ, స్పంజి, పగడపు కొమ్మ, పాత లంగరు తాడు, రేవు గుంజ, చివరికి మునిగిన కొబ్బరి మట్ట అయినా సరే. నేలంతా ఇసుకగా ఉన్న చోట ఒక్క తాడు పడి ఉంటే ముందు ఆ తాడు దగ్గరికి వెళ్ళండి. ఆ ఇసుక మైదానంలో దానికి దొరికే పట్టు అదొక్కటే.

ఆ తరువాత వేగం తగ్గించాలి. నేను ఒక గది అంత జాగాకు పావుగంట కేటాయిస్తాను. మొదటి ఐదు నిమిషాల్లో ఏమీ కనబడదు. గడ్డి ఒక లయలో అటూ ఇటూ ఊగుతుంటుంది. చూడగా చూడగా ఆ ఊపులో కలవనిదొకటి దొరుకుతుంది. కొంచెం ఆలస్యంగా ఊగేది, లేదా కింద మాత్రమే కదిలి పైన నిలిచి ఉండేది. వరిచేలో కలుపు ఏరేవాళ్ళకు ఈ చూపు అలవాటే. చేనంతా పచ్చగానే ఉంటుంది, అయినా ఊదను చూడగానే చెయ్యి దాని మీదికే వెళుతుంది. మా అమ్మకు ఈ చూపు ఉండేది. నాకు అది నీటి అడుగున ఉపయోగపడింది.

రంగును నమ్మకండి. ఒకే జాతి ఒక చోట పసుపుగా, ఇంకో చోట దాదాపు నల్లగా ఉంటుంది. చోటును బట్టి రంగు మార్చుకుంటుంది, ఒంటి మీద నాచు కూడా పెరగనిస్తుంది. ఆకారాన్ని నమ్మండి: కిందికి వంగిన మెడ, ముందుకు వచ్చిన పొట్ట, చుట్టుకున్న తోక. అంతకంటే ముందు కన్ను. అన్నీ దాచుకోగలిగినా కంటి కదలికను దాచలేదు.

దాని దగ్గరి చుట్టమైన గొట్టపు చేప, అంటే పైప్‌ఫిష్, కనిపిస్తే సంతోషించండి. తల గుర్రంలాగే ఉండి ఒళ్ళు పుల్లలా నిటారుగా ఉంటుంది. రెండింటికీ నచ్చే చోటు ఒకటే, కనుక ఆ చుట్టుపక్కల ఇంకాస్త సేపు ఉండండి.

మీరు చూసే గుర్రాలు అరచేతిలో పట్టేంత ఉంటాయి. సుమారు రెండు సెంటీమీటర్లే ఉండే మరుగుజ్జు జాతులు కూడా ప్రపంచంలో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని 1969లో న్యూ కాలెడోనియాలో కనుగొన్న తీరు నాకు ఎంతో ఇష్టం. ప్రదర్శనశాల కోసం సేకరించిన విసనకర్ర పగడాన్ని పరిశీలిస్తుంటే దాని మీద ఈ చేప బయటపడింది. కోసి పైకి తెచ్చేవరకు, పగడాన్నే చూస్తున్న మనిషికి కూడా అది కనబడలేదు.

ఏ కెమెరా కొనాలి?

ఉన్నదానితో మొదలుపెట్టండి, కానీ చిన్న వస్తువును దగ్గరగా తీయగలిగేదై ఉండాలి. తలకు తగిలించుకునే యాక్షన్ కెమెరాలు దృశ్యాలకు బాగుంటాయి, గుర్రానికి పనికిరావు. ఒలింపస్ టీజీ-6 వంటి చిన్న కెమెరాలు విడిగానే 15 మీటర్ల లోతు తట్టుకుంటాయి, కవచం తొడిగితే ఇంకా లోతుకు తీసుకెళ్ళవచ్చు. సెంటీమీటరు దూరం నుంచి కూడా ఫోకస్ చేస్తాయి. అలాగని అంత దగ్గరికి వెళ్ళకండి. పెద్ద కెమెరా ఉన్నవారు 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు తీసుకుంటే జీవికి దూరంగా ఉండే వీలు కలుగుతుంది.

నీరు ముందుగా ఎరుపును మింగేస్తుంది. ఐదారు మీటర్లు దిగేసరికే ఎర్రని గుర్రం బూడిద రంగులో కనిపిస్తుంది. పక్క నుంచి వెలుతురు ఇస్తేనే అసలు రంగు తిరిగి వస్తుంది. లైటును లెన్సు పక్కనే పెడితే నీటిలోని రేణువులన్నీ మెరిసి ఫోటో మీద మంచు కురిసినట్టు ఉంటుంది. అందుకే చేతులు చాచినట్టు రెండు పక్కలకూ దూరంగా అమర్చాలి. కవచం రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక పడినా లోపలికి నీరు వస్తుంది. దిగే ముందు మంచి వెలుతురులో రింగును వేలితో తడిమి చూడండి. పైకి వచ్చాక మంచినీటిలో అరగంట నానబెట్టండి, ఉప్పు గడ్డకడితే మీటలు బిగుసుకుపోతాయి.

ఫోకస్ కంటి మీదే. మిగతాదంతా మసకబారినా ఫరవాలేదు.

ఫ్లాష్ వాడవచ్చా? గుర్రం మాటిమాటికీ తల తిప్పేసుకుంటే ఏం చేయాలి?

ఫ్లాష్ కంటే తాకడమే వాటిని ఎక్కువ బాధిస్తుందని ఈ జీవులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు చెప్పారు. అయినా బ్రిటన్‌లో అనుమతి లేకుండా ఫ్లాష్‌తో వాటిని తీయడానికి వీల్లేదు. నా పద్ధతి ఇది: ఒక గుర్రానికి ఐదు ఫోటోలు, ఆ పైన వెలుగు ఆపేస్తాను. నాతో ఉన్న నలుగురూ తలా ఇరవై తీస్తే అది ఎనభై మెరుపులు చూసినట్టు. లెక్క వేసుకోవాల్సింది దాని వైపు నుంచి.

తల తిప్పుకోవడమంటే అది మనల్ని వద్దంటోంది. చుట్టూ తిరిగి ముందుకు వెళితే మళ్ళీ తిప్పుకుంటుంది. ఒక అడుగు వెనక్కి జరిగి, పక్కకు చూస్తూ, మెల్లగా ఊపిరి తీసుకుంటూ ఉండండి. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో తిండి మీద పడి మనల్ని మరచిపోతుంది. మంచి ఫోటో వచ్చేది అప్పుడే. మరచిపోకపోతే ఆ రోజుకు ఫోటో లేదు.

ఒకసారి ఒక చోట మా వెంట వచ్చిన గైడు లోహపు పుల్లతో గుర్రం తోకను కాడ నుంచి విడదీసి నా కెమెరా వైపు తిప్పాడు. అతను నన్ను సంతోషపెట్టాలనే చేశాడు. నేను ఫోటో తీశాను కూడా. ఆ గుర్రం పట్టు దొరకక ప్రవాహంలో కొట్టుకుపోతూ తోకతో నీళ్ళను తడుముకుంది. ఆ ఫోటో నా దగ్గర ఉంది, ఎవరికీ చూపించను. ఇప్పుడు పడవ ఎక్కకముందే గైడుతో చెబుతాను: కనిపిస్తే వేలితో చూపించండి చాలు, ముట్టుకోవద్దు, కనబడకపోయినా మీకు ఇచ్చేది తగ్గించను. ఈ చివరి మాట తప్పకుండా చెప్పండి. చాలా చోట్ల ఆ పుల్ల బయటికి వచ్చేది ఖాళీ చేతులతో పంపితే అతిథి నొచ్చుకుంటాడనే భయంతోనే.

నేను డైవింగ్ చేయలేను. డెల్టాలో నాకు ఫోటోలు దొరుకుతాయా?

దొరుకుతాయి, జీవితానికి సరిపడా. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెక్కల బాట మీద నడుస్తూ ఆటు సమయంలో కిందికి చూడండి. ఊపిరి వేళ్ళ మధ్య బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి. నీటి బయట చర్మంతోనూ, నోటిలో నిలుపుకున్న తేమతోనూ ఊపిరి తీసే చేపలవి. రెండు మగవి ఎదురుపడి వీపు రెక్కలు విప్పి నోళ్ళు తెరిచినప్పుడు తీసిన ఫోటో, నా దృష్టిలో, ఏ పగడపు దిబ్బ ఫోటోకూ తీసిపోదు. ఒక డెక్క పెద్దదిగా ఉండే చిన్న పీతలు వందల్లో ఒకేసారి ఆ డెక్క ఎత్తి దించుతాయి. బాట మీద బోర్లా పడుకుని కెమెరాను బురద ఎత్తుకు దించండి, పది నిమిషాలు కదలకండి, బొరియల్లోకి పోయినవన్నీ తిరిగి వస్తాయి. తెల్లవారుజామున పడవ మీద వెళితే నీటి కుక్కలు కనిపించవచ్చు. బావురు పిల్లి అడుగుజాడలు కనిపించినా అదృష్టమే.

కాకినాడను అలల నుంచి కాపాడే హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ మీదికీ, పక్కనున్న తీరాలకూ చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అక్కడ టార్చి, ఫ్లాష్ పూర్తిగా ఆపాలి. పిల్లలు వెలుగు వైపు నడుస్తాయి, మన లైటును సముద్రపు మెరుపనుకుని దారి తప్పుతాయి. దిబ్బ మీదికి వెళ్ళడానికి అటవీ శాఖను ముందుగా అడగండి.

ఒడ్డున మోకాళ్ళ లోతు నీటిలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడవండి. బురదలో పడుకున్న టేకు చేప ఆ కదలికకు తప్పుకుంటుంది. తొక్కితే దాని ముల్లు దిగుతుంది. దిగితే భరించగలిగినంత వేడినీటిలో పాదం పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి.

రేవులో ఎండిన సముద్రపు గుర్రాలు అమ్ముతామంటే కొనవచ్చా?

కొనకూడదు, ఇచ్చినా తీసుకోకూడదు. 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో వీటినీ గొట్టపు చేపలనూ చేర్చారు. అంటే చట్టం దృష్టిలో పులికి ఇచ్చిన రక్షణే దీనికీ ఇచ్చారు. పట్టడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, ఎండినదైనా సరే, నేరం. అంతర్జాతీయ వ్యాపారం మీద 2004 నుంచి సైటిస్ ఒప్పందం నియంత్రణ ఉంది. అయినా తూర్పు ఆసియా మందుల వ్యాపారం కోసం ప్రపంచంలో ఏటా కోట్లలో చనిపోతున్నాయి. ఎక్కువ భాగం వాటి కోసం వేసిన వలల్లో కాదు, రొయ్యల కోసం అడుగును గీరుకుంటూ పోయే ట్రాలు వలల్లో. ఆ వల గుర్రంతోపాటు దాని గడ్డినీ లేపేస్తుంది.

దీనికి మత్స్యకారులను తిట్టకండి. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు కట్టేసి కూర్చునేది వాళ్ళే. వలలో గుర్రం బతికి ఉండగా కనిపిస్తే వెంటనే నీటిలో వదిలేయమని అడగండి. తడి చేతితో, తోకకు ఏదైనా అందేలా పట్టుకుని, వీలైతే నాచు ఉన్న చోట వదలాలి. ఎవరైనా అలా వదిలితే ఆ మనిషి ఫోటో తీసి, ప్రింటు వేయించి, తిరిగి వెళ్ళి ఇవ్వండి. ఏటిమొగలో రెండిళ్ళ గోడల మీద అలాంటి ఫోటోలు నేనే తగిలించాను.

నా ఫోటోను, చోటు పేరును అందరికీ చెప్పవచ్చా?

ఫోటో చూపించండి, చోటు చెప్పకండి. గుర్రం నెలల తరబడి అదే కాడ దగ్గర ఉంటుంది. చోటు తెలిస్తే ఫోటో తీసేవాళ్ళూ వస్తారు, పట్టుకుపోయేవాళ్ళూ వస్తారు. ఫోన్లలో, కెమెరాల్లో ఫోటోతోపాటు స్థాన వివరం దాగి ఉంటుంది, పంచుకునే ముందు దాన్ని తీసేయండి. లోతు, తేదీ, అది దేన్ని పట్టుకుని ఉంది, పొట్ట ఉబ్బి ఉందా లేదా అన్నవి మాత్రం ఆ సాయంత్రమే రాసిపెట్టుకోండి. శాస్త్రజ్ఞులకు వివరాలు పంపాలనుకుంటే ఐసీహార్స్ అనే పౌర విజ్ఞాన వేదిక ఉంది. మనలాంటివాళ్ళు చూసిన ప్రతి గుర్రం వివరమూ తీసుకుంటారు. ఏటిమొగ వలలో ఎండినది కనిపించినా ఫోటో తీసి, ఏ వలలో, ఎంత లోతులో పడిందో అడిగి పంపండి. వల వేసిన మనిషి పేరు రాయకండి.